బడి ఇల్లయింది, వారసత్వం ఎవరి పేర రాసి ఉంది?

పాత బడి ఒకటి మూతపడుతుంది. ఊళ్లో ఎవరో దాన్ని కొనుక్కుని కాపురం పెడతారు. తరగతి గది మధ్య అడ్డగోడ లేచి రెండు పడకగదులవుతుంది. నల్లబల్ల ఉన్న గోడకి వంటపొయ్యి ఆనుకుంటుంది. కొన్నేళ్లు గడిచాక వారసత్వ కట్టడాల సర్వే చేసే ఉద్యోగి ఒకాయన కాగితాల కట్టతో వచ్చి, నాలుగువైపులా తిరిగి చూసి, 'అసలు రూపు దెబ్బతింది' అని రాసుకుని పోతాడు. అంతే, ఆ ఇల్లు చరిత్రలోంచి బయటికి.

ఈ 'దెబ్బతింది' అన్న మాట మీదే మా పేచీ.

మేం మాట్లాడుతున్నది అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో 1913 నుంచి 1932 దాకా నల్లవాళ్ల పిల్లల కోసం పల్లెల్లోనూ చిన్న పట్నాల్లోనూ కట్టిన బడుల గురించి. వాటిని రోజెన్‌వాల్డ్ స్కూళ్లంటారు. పదిహేను రాష్ట్రాల్లో కలిపి 4,977 బడులు, వాటికి తోడు 217 ఉపాధ్యాయుల ఇళ్లు, 163 వృత్తిపనుల షెడ్లు, మొత్తం 5,357 కట్టడాలు. 1928 నాటికి దక్షిణాది పల్లెల్లో నల్లపిల్లల బడులు ఐదుంటే అందులో ఒకటి ఈ పథకం కింద కట్టిందే. ఇప్పుడు నిలిచి ఉన్నవి దాదాపు ఐదు వందలని అంచనా, అంటే పదింట ఒకటి. వాటిలో కొన్ని మ్యూజియాలయ్యాయి, కొన్ని చర్చి హాళ్లయ్యాయి, కొన్ని గడ్డి దాచుకునే కొట్టాలయ్యాయి, కొన్ని ఇళ్లయ్యాయి. మాకు ఆ ఇళ్లతోనే పని.

దళిత అధ్యయనాల పత్రికకి అలబామా ఇళ్లతో పనేమిటని అడిగే మిత్రులుంటారు. జోతీరావు ఫూలే 1873లో 'గులాంగిరి'ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. 1913 జూలైలో అంబేద్కర్ చదువు కోసం న్యూయార్క్ చేరాడు. ఆ ఏడాదే అలబామాలో లోచపోకా అనే చిన్న ఊళ్లో ఈ వరసలో మొదటి బడి లేచింది. 1946లో ఆయనే డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాసి, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు కావాలని అడిగాడు. కాబట్టి ఈ చుట్టరికం మేం కొత్తగా కలుపుకుంటున్నది కాదు. అయితే ఒకమాట ముందే ఒప్పుకోవాలి. మేం ఆ ఇళ్లలో ఒక్కదాని గడపా తొక్కలేదు. ప్లాన్లు, ఫోటోలు, లెక్కల పట్టికలు, పుస్తకాలు మాత్రమే మా ఆధారం. ఆ విషయంలో సర్వే ఉద్యోగికన్నా ఒక మెట్టు కిందే ఉన్నాం. కానీ బడి వరండా దాటనివ్వని తాతల మనవలుగా కొన్ని సంగతులు మాకు దూరం నుంచే తెలుస్తాయి.

ముందు పేరు సంగతి చూద్దాం. జూలియస్ రోజెన్‌వాల్డ్ షికాగోలో సియర్స్ రోబక్ అనే పెద్ద వ్యాపార సంస్థకి అధిపతి. 1912లో తన యాభయ్యో పుట్టినరోజుకి ప్రకటించిన విరాళాల్లో 25 వేల డాలర్లు బుకర్ టి. వాషింగ్టన్ నడుపుతున్న టస్కీగీ సంస్థకి ఇచ్చాడు. అందులో మిగిలిన కొద్ది సొమ్ముతో, వాషింగ్టన్ సలహా మీద, అలబామాలో ఆరు బడులు కట్టి చూశారు. అక్కణ్ణించి పథకం పెరిగింది. 1932లో ముగిసేసరికి అన్ని కట్టడాల మొత్తం ఖర్చు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో రోజెన్‌వాల్డ్ నిధి వాటా 43 లక్షల 64 వేలు. తెల్లవాళ్ల చందాలు 12 లక్షల 11 వేలు. పన్నుల సొమ్ము 1 కోటి 81 లక్షలు. నల్లవాళ్లు చేతినుంచి పెట్టుకున్నది 47 లక్షల 25 వేలు.

ఈ లెక్క మళ్లీ ఒకసారి చదవండి. కోటీశ్వరుడైన దాతకన్నా పత్తిచేలల్లో పాలికి చేసుకునే నల్లరైతులు, వంటమనుషులు, చాకలి పని చేసుకునే ఆడవాళ్లు ఎక్కువిచ్చారు. పేరు మాత్రం దాతది.

పైగా ఆ పన్నుల సొమ్ములో నల్లవాళ్లు కట్టిన పన్నూ ఉంది. ఆ పన్నుతో తమ పిల్లలకి బడి కట్టించవలసిన ప్రభుత్వం కట్టించకపోతే, మళ్లీ జేబులోంచి తీసి కట్టించుకున్నారు. జేమ్స్ డి. ఆండర్సన్ 1988లో వెలువరించిన 'ద ఎడ్యుకేషన్ ఆఫ్ బ్లాక్స్ ఇన్ ద సౌత్' అనే పుస్తకంలో దీన్ని రెండోసారి పన్ను కట్టించుకోవడంగానే లెక్కగడతాడు. ఈ విషయం మీద వచ్చిన రచనల్లో మాకు అన్నింటికన్నా దగ్గరగా అనిపించింది ఈ పుస్తకమే. దాత మంచివాడా కాదా అన్న మీమాంసలో ఆయన ఎక్కువసేపు ఆగడు. ఎవరి చెమట ఎంత పోయిందో లెక్క తీస్తాడు. దీనికి ఎదురుగా 2015లో అవీవా కెంప్నర్ తీసిన డాక్యుమెంటరీ 'రోజెన్‌వాల్డ్'ని పెట్టి చూడండి. శ్రద్ధగా తీసిన సినిమానే. నల్లజాతి పెద్దలు అందులో తమ బడి జ్ఞాపకాలు చెప్పుకుంటారు. అయినా కథ నడిచేది దాత బతుకు చుట్టూ. ఈ ధోరణి మనకి కొత్తా? పల్లెలో బడి పెట్టిన దొర పేరు శిలాఫలకం మీద ఉంటుంది. ఆ బడికి మట్టి మోసిన మాలమాదిగల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు.

అలబామాలో బొలిగీ అనే చోట జరిగిన చందాల సభ గురించి ఆనాటి నివేదిక ఒకటుంది. బానిస కాలాన్ని కళ్లారా చూసిన ఒక ముసలాయన జీవితమంతా కూడబెట్టుకున్న 38 డాలర్లు, జిడ్డోడుతున్న పాత సంచీలోంచి తీసి బల్ల మీద కుమ్మరించాడట. తన మనవల పిల్లలకైనా అవకాశం దొరకాలన్నది ఆయన కోరిక. ఆ నివేదిక ఆయన పేరు చెప్పదు. కొన్నిచోట్ల రైతులు ఎకరం పత్తి బడి పేర వేసి ఆ పంట ఇచ్చేశారు. ఆడవాళ్లు భోజనాలు వండి అమ్మారు, కోళ్లమ్మారు. మగవాళ్లు కలప కొట్టి తెచ్చి, గోడలు నిలబెట్టారు. లోచపోకా బడికి అయిన ఖర్చు దాదాపు 942 డాలర్లు. అందులో నల్లవాళ్లు 150 డాలర్లు రొక్కం ఇచ్చారు, 132 డాలర్ల 50 సెంట్ల విలువైన పని చేశారు. ఈ రెండో అంకె మాకు చాలా ఇష్టం. మన వెట్టికి ఎప్పుడూ ఇలా పైసలతో సహా లెక్క కట్టినవాడు లేడు.

ఇప్పుడు అసలు మెలిక. రోజెన్‌వాల్డ్ పథకంలో ఒక షరతు ఉంది. కట్టిన బడినీ దాని స్థలాన్నీ ప్రభుత్వ పాఠశాలల అధికారుల పేర రాసివ్వాలి. ఆ షరతు ఉద్దేశం చెడ్డది కాదు. నల్లపిల్లల చదువు ఎవరి దయాధర్మమో కాకుండా ప్రభుత్వ బాధ్యత కావాలన్నదే దాని వెనక ఆలోచన. కానీ ఆ కౌంటీ బోర్డుల్లో కూర్చున్నది ఎవరు? ఓటు హక్కే దక్కని నల్లవాళ్లు కూర్చోలేదు కదా. అంటే చెమటా రొక్కమూ ఒకరివి, దస్తావేజు ఇంకొకరిది. మా వ్యాసానికి కీలకం ఈ వాక్యమే. బడి ఇల్లెలా అయిందో ఇక్కణ్ణించి చూస్తేనే అర్థమవుతుంది.

1954లో అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో వేరు బడులు చెల్లవని తీర్పిచ్చింది. తీర్పు అమలు మాత్రం ఏళ్ల తరబడి సాగదీశారు. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే నల్లపిల్లల పక్కన తమ పిల్లలు కూర్చోవడంకన్నా బడులే ఉండకపోవడం నయమనుకుని, 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. కలిపిన చోట ఎలా కలిపారు? తెల్లవాళ్ల బడి ఉంటుంది, నల్లవాళ్ల బడి మూతపడుతుంది. నల్లపిల్లలు అటు వెళ్లారు. వాళ్ల టీచర్లు వెళ్లలేకపోయారు. 1954, 1965 మధ్య పదిహేడు రాష్ట్రాల్లో 38 వేలమందికి పైగా నల్లజాతి టీచర్లు, హెడ్మాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారని లెక్క. ఖాళీ అయిన భవనాలు బోర్డు ఆస్తి. బోర్డు అమ్మకానికి పెట్టింది. కొన్నిచోట్ల చర్చీ, పూర్వ విద్యార్థులూ చందాలేసుకుని తాము కట్టుకున్న దాన్నే కొనుక్కున్నారు. పన్నుగా ఒకసారి, చందాగా ఒకసారి, ధరగా మూడోసారి డబ్బు కట్టారన్నమాట. కొన్నిచోట్ల ఆ బడిలో చదివిన కుటుంబమే కొనుక్కుని కాపురానికి దిగింది. ఇంకొన్నిచోట్ల ఏ సంబంధమూ లేనివాళ్ల చేతుల్లోకి పోయింది.

ఇంత జరిగాక వస్తాడు సర్వే ఉద్యోగి. ఆయన చేతిలో ఉన్న కొలబద్ద ఏమిటో చూద్దాం. 1966 చట్టంతో వచ్చిన నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్ అన్న జాబితాలో చేరాలంటే కట్టడానికి చరిత్రలో ప్రాముఖ్యం ఉంటే చాలదు. 'ఇంటిగ్రిటీ' కూడా ఉండాలి. అంటే తన ప్రాముఖ్యాన్ని ఇప్పటికీ కంటికి చూపగలగాలి. దానికి ఏడు అంశాలు చెప్పారు. స్థలం, రూపకల్పన, పరిసరం, సామగ్రి, పనితనం, అనుభూతి, అనుబంధం. ఇందులో మొదటి ఐదూ కట్టెకీ ఇటుకకీ సంబంధించినవి. మనుషులు వచ్చేది చివర్లోనే.

రోజెన్‌వాల్డ్ బడికి గుర్తు దాని కిటికీలు. తొలి ప్లాన్లు టస్కీగీలో తయారయ్యాయి. వాటి వెనక ఉన్న రాబర్ట్ ఆర్. టేలర్, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి పట్టా తీసుకున్న మొదటి నల్లజాతి మనిషి. బడికి కరెంటు ఉండదు, రాదు. కాబట్టి ఎత్తైన కిటికీలు వరసగా, ఒకదాన్నొకటి ఆనుకుని, తూర్పుకో పడమరకో తిరిగి ఉండాలి. వెలుగు పిల్లల ఎడమ భుజం మీంచి పలక మీద పడాలి, రాసే చేతి నీడ అడ్డం రాకూడదు. స్థలం ఎటు తిరిగి ఉంటే అటు సరిపోయేలా వేరువేరు ప్లాన్లు అచ్చు వేశారు. రెండు గదుల మధ్య తెరవగలిగే అడ్డు ఒకటి పెట్టారు, తీసేస్తే ఊరి సభలకి హాలవుతుంది. పేదల బడిని ఇంత ఆలోచించి గీసిన చేతులకి దండం పెట్టాలి.

అదే భవనంలో కాపురం ఉండి చూడండి. ఆ కిటికీల వరస ఇంటికి శత్రువు. చలికాలం వేడి నిలవదు, రాత్రి దీపం పెడితే లోపలిదంతా రోడ్డు మీదికి కనపడుతుంది. మంచం వేసుకోవడానికి గోడ కావాలి. కాబట్టి సగం కిటికీలు మూసేస్తారు, ఎత్తైన పైకప్పు కింద ఇంకో కప్పు దించుతారు, స్నానాల గది కడతారు. సర్వే కాగితం మీద ఇవన్నీ తప్పులే. కిటికీలు మూశారు, రూపకల్పన పోయింది. అడ్డగోడలు కట్టారు, సామగ్రి పోయింది. మేం అడిగేది ఒక్కటే. అసలు కిటికీలు అంత పెద్దవి ఎందుకయ్యాయి? వెలివాడకి కరెంటు ఇవ్వని సమాజంలో పిల్లలు చదువుకోవాలి కాబట్టి. అవి ఎందుకు మూసుకున్నాయి? బడి మూసేసిన సమాజంలో ఒక కుటుంబం బతకాలి కాబట్టి. రెండూ ఒకే చరిత్రలో రెండు పుటలు. మొదటి పుట ఉంచి రెండో పుట చించేస్తామంటే అది ఏ రకం చదువు?

ఇందులో ఇంకో పక్షపాతం ఉంది. దక్షిణాదిలో బానిసల చేత చాకిరీ చేయించుకున్న తోటల యజమానుల బంగళాలు హోటళ్లయ్యాయి, పెళ్లిళ్లకి అద్దెకిచ్చే వేదికలయ్యాయి. వాటి వారసత్వ విలువకి ఢోకా లేదు. మన దగ్గర ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటలయింది, అందులో కొత్త స్నానాల గదులు వచ్చినందుకు ఎవరూ బాధపడలేదు. ధనికుడి కట్టడం వాడకం మారితే 'పునర్జీవనం', పేదవాడి కట్టడం వాడకం మారితే 'రూపు దెబ్బతినడం'. డబ్బున్న మార్పుకి స్తంభాలు అలాగే ఉంచే స్తోమత ఉంటుంది, డబ్బులేని మార్పు దొరికిన ప్లైవుడ్ ముక్కతో కిటికీ మూస్తుంది. ఇంటిగ్రిటీ అని వాళ్లు కొలుస్తున్నది చాలావరకు స్తోమతనే.

సాయం విషయంలోనూ అంతే. చారిత్రక కట్టడాన్ని బాగుచేసుకుంటే ఖర్చులో 20 శాతం మేరకు పన్ను మినహాయించే కేంద్ర పథకం అమెరికాలో ఉంది. కానీ అది ఆదాయం తెచ్చే భవనాలకే. అద్దెకిస్తే వస్తుంది, హోటలు పెడితే వస్తుంది. సొంతదారు తనే కాపురం ఉంటే రాదు. అంటే పాత బడిని కొని అద్దెకిచ్చుకునే వ్యాపారికి సాయం ఉంది, అందులో చదువుకుని అందులోనే ముసలయ్యే ఆమెకి లేదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. అక్కడి పరిరక్షకులందరూ ఒకే మూసలో లేరు. నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ 2002లో రోజెన్‌వాల్డ్ బడులన్నింటినీ కలిపి ఆ ఏటి పదకొండు ప్రమాదస్థితి స్థలాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాతే వీటి గురించి దేశం మాట్లాడటం మొదలుపెట్టిందంటే అబద్ధం కాదు. 2021 జనవరిలో వచ్చిన చట్టం రోజెన్‌వాల్డ్ పేర జాతీయ పార్కు ఏర్పాటు చేసే వీలు పరిశీలించమంది. అదే ఏడాది ఆండ్రూ ఫైలర్ తీసిన ఫోటోల పుస్తకం వెలువడింది. అలాంటి బడిలోనే చదివిన జాన్ లూయిస్ దానికి ముందుమాట రాశాడు. రిజిస్టరులో చేరిన బడులూ తక్కువేం కాదు. మా అభ్యంతరం ఈ పనుల మీద కాదు. ఈ పనుల్లో ఇల్లైన బడి ఎప్పుడూ 'పాపం, పాడైపోయిన' ఉదాహరణగానే ఎందుకు వస్తుందన్నదే మా ప్రశ్న. మ్యూజియం అయిన బడి తాళం వేసుకుని అడిగినప్పుడు తెరుచుకుంటుంది. ఇల్లైన బడికి రోజూ దీపం వెలుగుతుంది. కప్పు కారితే ఆ రాత్రే గిన్నె పెడతారు, పొద్దున్నే రేకు మారుస్తారు. పదింట తొమ్మిది కూలిపోయిన చోట అది నిలబడింది కాపురం వల్లే.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. దాన్ని తప్పించుకోలేం. అసలు ఈ బడులు వెలి బడులు. వేరుచేసి కూర్చోబెట్టిన వ్యవస్థలో భాగంగా పుట్టినవి. వాటిని వారసత్వమని నెత్తిన పెట్టుకోవడమేమిటి? పైగా ప్లాన్లలో వృత్తిపనుల గది ఒకటి ఉండేది. ఆడపిల్లలకి కుట్టు, వంట, మగపిల్లలకి చెక్కపని. నల్లవాళ్లకి ఈ చేతిపనుల చదువే చాలన్న ధోరణిని డుబాయిస్ 1903లోనే తూర్పారబట్టాడు. మన దగ్గర 1953లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో పిల్లలు సగంపూట బడికి, మిగతా సగం తల్లిదండ్రుల వృత్తికి అన్న పథకం తెస్తే, కులవిద్య అని ద్రావిడ ఉద్యమం తిరగబడింది. ఏడాది తిరగకుండానే అది మూలపడింది. అదే కళ్లతో చూస్తే రోజెన్‌వాల్డ్ బడిలో ఆ గది ఒక మచ్చ.

కానీ బడిని వెలివేసినవాళ్లు వేరు, వెలిలో బడి కట్టుకున్నవాళ్లు వేరు. గోడ అవతలివాళ్లది నేరం, గోడ ఇవతలివాళ్లది ప్రయత్నం. ఒకే కట్టడం రెండింటికీ సాక్ష్యం. సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న పిల్లవాణ్ణి మనం తలుచుకునేది ఆ గోనెపట్టా గొప్పదని కాదు కదా. అందుకే ఈ బడుల్ని మెరిసే రంగులేసి, నవ్వుతున్న పిల్లల బొమ్మలు పెట్టి చూపించే పద్ధతి మాకు నచ్చదు. టీచర్ల ఉద్యోగాలు ఊడిన సంగతి, బోర్డు వేలం వేసిన సంగతి కూడా ఆ గోడ మీద రాయాలి. అలా రాస్తే ఇల్లైన బడి మిగతావాటికన్నా నిజాయితీగా కనపడుతుంది, ఎందుకంటే ఆ మూసివేతా ఆ అమ్మకమూ దాని గోడల్లోనే ఉన్నాయి.

మరి సొంతదారు సంగతి? ఇది జాతి వారసత్వం, ఖాళీ చేసి అప్పగించు అనొచ్చా? ఈ ప్రశ్న మన దేశంలో వేరే రూపంలో వచ్చింది. పూనాలో 1848లో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి మొదలుపెట్టిన భిడే వాడా అసలు ఒకరి ఇల్లు. అక్కడ ఇల్లు బడి అయింది. తర్వాత చేతులు మారి, కింద దుకాణాలు నడిచి, పైభాగం శిథిలమైంది. దాన్ని స్మారకం చేయాలని బహుజన సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. 2023లో బొంబాయి హైకోర్టు, దాని పైన సుప్రీంకోర్టు అక్కడున్నవాళ్ల అభ్యంతరాలు తోసిపుచ్చాయి. ఆ డిసెంబరులో నగరపాలక సంస్థ జాతీయ స్మారకం కోసమని భవనాన్ని రాత్రికి రాత్రి పడగొట్టింది. ఆ స్థలం మన చేతికి రావడం గెలుపే, దాన్ని తక్కువ చేయం. కానీ సావిత్రీబాయి మెట్లెక్కిన ఆ కట్టడాన్ని, శిథిలంగానైనా, నూట డెబ్బై ఐదేళ్లు నిలబడ్డదాన్ని, మన గెలుపు రోజునే బుల్డోజరు కింద పెట్టాల్సి రావడం మాకు మింగుడు పడలేదు. అంతకాలం పట్టించుకోకుండా కూలనిచ్చి, చివరికి కూలింది కాబట్టి కొత్తది కడతామనడం పాలకుల పద్ధతి. రేపు అక్కడ లేచే కట్టడం ఎంత పెద్దదైనా పాత బడి మెట్లు మాత్రం రావు.

అందుకే ఇళ్లైన రోజెన్‌వాల్డ్ బడుల విషయంలో మా పక్షం కాపురం ఉన్నవాళ్లదే. ముఖ్యంగా ఆ బడి పిల్లలో వాళ్ల పిల్లలో ఉంటున్న చోట. వాళ్లని కదిలించకుండా కప్పు బాగుకి సాయం చేయొచ్చు. వాళ్లు చెప్పే మాట రికార్డు చేయొచ్చు. అమ్ముకోవాల్సి వస్తే సంఘానికి మొదటి హక్కు ఉండేలా ఒప్పందం రాసుకోవచ్చు. వీటికి బంగారు ఫలకం అక్కర్లేదు. సంబంధంలేని వ్యాపారి చేతుల్లో ఉన్న ఇళ్ల సంగతి వేరు. అక్కడ మాకూ ఇంత మెత్తదనం లేదు.

కట్టడం చుట్టూ ఉన్నదాన్ని కూడా వదలకూడదు. వర్జీనియాలో కంబర్లాండ్ కౌంటీలో పైన్ గ్రోవ్ అనే రోజెన్‌వాల్డ్ బడి ఉంది. 1917లో కట్టారు, 1964లో మూశారు. దాని పక్కన భారీ చెత్త డంపు పెడతామని ఒక కంపెనీ వస్తే నల్లజాతి కుటుంబాలు అడ్డం తిరిగాయి. 2021లో నేషనల్ ట్రస్ట్ దీన్ని ప్రమాదస్థితి జాబితాకెక్కించింది. ఊరి చెత్తంతా వెలివాడ పక్కనే ఎందుకు పోస్తారో మన పాఠకులకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటిగ్రిటీ ఏడు అంశాల్లో 'పరిసరం' అన్నది నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోట. కిటికీ మూసిన కుటుంబం మీద దాన్ని వాడి, చెత్త పోసే కంపెనీ దగ్గర మర్చిపోతే ఎట్లా?

ఇక మన వాడల్లోకి వద్దాం. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులోనూ లింగంపల్లిలోనూ అంటరాని పిల్లలకి బడులు పెట్టాడు. అవి ఇరవై ఆరు దాకా పెరిగాయి. ఆ ఇరవై ఆరూ ఏ గల్లీల్లో ఏ ఇళ్లలో నడిచాయో, ఇప్పుడు ఆ గోడల మధ్య ఎవరున్నారో గీసిన పటం ఒకటి మన చేతుల్లో ఉండాలి. కోస్తా పల్లెల్లో పొద్దున బడి, సాయంత్రం ప్రార్థన జరిగిన మిషన్ పాకలున్నాయి. అవి కొన్ని చర్చీలయ్యాయి, కొన్ని పంతులుగారి వారసుల ఇళ్లయ్యాయి. 1958 నాటి మన పురాతన కట్టడాల చట్టం ప్రకారం నూరేళ్లు నిండనిది పురాతనమే కాదు. తాటాకు పాక నూరేళ్లు ఉండదు, గుడి ఉంటుంది. ఆ చట్టం ఎవరి కోసం రాసిందో వయసు నిబంధనే చెబుతోంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జి.ఓ. 117 కింద మూడు నుంచి ఐదు తరగతుల్ని హైస్కూళ్లకి తరలించారు. ఎస్సీ కాలనీ బడుల్లో మిగిలిన పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేటంతైతే ఆ బడి ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ జి.ఓ. తర్వాత రద్దయింది. అలా ఖాళీ అయిన గదులు ఎవరి చేతుల్లోకి పోయాయో అడగాల్సింది మనమే.

కాబట్టి చదువరులైన టీచర్లకి, విద్యార్థులకి, కార్యకర్తలకి మా మనవి. మీ పేటలో మూతపడ్డ పాత బడి ఎవరి ఇల్లయిందో కనుక్కుని రాయండి. స్థలం ఎవరిచ్చారు, పట్టా ఎవరి పేర ఉంది, ఇటుక ఎవరు మోశారు, మొదటి పంతులు ఏ వాడవాడు, ఆయన జీతం ఎవరిచ్చారు, మూసిన రోజు బల్లలు ఎటుపోయాయి అని అడగండి. గోడలకన్నా ముందు అడ్మిషన్ రిజిస్టరు అడగండి. అందులో తండ్రి వృత్తి గడి, కులం గడి ఉంటాయి, చాలా కుటుంబాలకి తాత పేరు సిరాతో రాసి ఉన్నది ఆ ఒక్కచోటే. అది తరచుగా ఎవరింట్లోనో అటక మీద, ఎలకలకి అందేటట్టు ఉంటుంది. ఇంట్లో ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు సర్వేకొచ్చినట్టు గోడలు తట్టి చూడకండి. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, పెద్దామె కూర్చోమన్నచోట కూర్చుని, ఏ గోడకి బోర్డు ఉండేదో ఆమెనే చూపించమనండి.